సర్దుడు బ్రేకు: హోసూరు నుంచి కృష్ణగిరి దాకా

నెల కిందట మా చిన్నమ్మ మునెమ్మ ఈ దారిలోనే బస్సులో పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. హోసూరు పక్కన రోజా తోటలో కత్తెరతో పూలు కోసే కూలి ఆమెది. ఆ చెయ్యి లేకపోతే పనే లేదు. "సరిగ్గా పట్టుకోలేదు" అని అందరూ అన్నారు, ఆమె కూడా అదే అంది. మొన్న కట్టు విప్పించడానికి ఆమెను కృష్ణగిరికి తీసుకుపోతూ, అది ఎవరి తప్పో కళ్లారా చూశాను. ఆ బస్సులెక్కేవాళ్లు తెలుసుకోవాలనే ఇది రాస్తున్నాను. కోపం ఇంకా తగ్గలేదు.

పొద్దున ఏడింటికి హోసూరు బస్టాండులో ఒక ప్రైవేటు బస్సెక్కాం. శూళగిరి మీదుగా గంటంబావు ప్రయాణం, టికెట్టు యాభై రూపాయలకు మించదు. చిన్నమ్మకు సీటు దొరికింది, నేను డ్రైవరు వెనక నిలబడ్డాను. అద్దం ముందు దారానికి వేలాడే నిమ్మకాయ, బస్సు ఊపందుకుంటే వెనక్కి, వేగం తగ్గితే ముందుకు వాలుతోంది. దాన్నెవరూ తోయడం లేదు. నేను చిన్న తరగతుల సైన్సు పుస్తకాల్లో చదువుకున్న జడత్వం ఇదే: పోతున్న వస్తువు, ఏదో ఒకటి ఆపేదాకా అలాగే పోవాలని చూస్తుంది. బస్సు ఆగినంత మాత్రాన నిమ్మకాయ ఆగదు.

శూళగిరిలో జనం తోసుకుని ఎక్కారు. "ముందుకు జరగండప్పా!" అని కండక్టరు అరిచాడు. ఎవరూ కదల్లేదు. మెట్ల మీద వేలాడేవాళ్లతోనే బస్సు బయల్దేరింది. కాసేపటికి కండక్టరు రెండుసార్లు పొట్టిగా విజిలేసి, కడ్డీని రెండు చేతులా పట్టుకున్నాడు. అప్పుడు పడింది బ్రేకు. నిలబడినవాళ్లమంతా ఒకరి మీదొకరు పడుతూ ముందుకు జారాం. ఎవరిదో టిఫిను క్యారియరు గేరు దాకా దొర్లింది. వెనక ఖాళీ అయిన చోట్లోకి మెట్ల మీదివాళ్లు వచ్చేశారు. రోడ్డు మీద మాత్రం అడ్డం ఏమీ లేదు, కుక్కపిల్ల కూడా!

కృష్ణగిరిలో దిగగానే డ్రైవరును నిలదీశాను. "ఏమి అడ్డమొచ్చిందని బ్రేకేసినావన్నా?"

నవ్వాడు. "వచ్చేదేమి? అది సర్దుడు బ్రేకప్పా. నోటితో చెప్తే ఈ జనం కదుల్తారా? మూటను కుదిపితే ఇంకో రెండు శేర్లు పట్టదా?"

"మా చిన్నమ్మ మూటనా? నెల కిందట ఇట్లాంటి బస్సులోనే పడింది, ఈ చెయ్యి చూడు!"

కట్టు చూసి కొంచెం తడబడ్డాడు. "గట్టిగా పట్టుకోవల్ల కదమ్మా."

"అవునప్పా, నేనే పట్టుకోలేదు," అంది చిన్నమ్మ.

నాకు ఒళ్లు మండింది. "సుమ్మనుండు చిన్నమ్మా, నువ్వు మాట్లాడొద్దు! కాళ్లు బస్సుతో ఆగిపోతాయి, పైనుండే ఒళ్లు పాత వేగంతోనే పోతుంది. ఆ సంగతి ఈయనకు నాకంటే బాగా తెలుసు. తెలిసే తొక్కినాడు. కండక్టరు ముందే కడ్డీ పట్టుకున్నాడు, మనకు మాత్రం చెప్పలేదు."

"పెద్ద మేష్టరు వచ్చినాడు ఈడికి!" అనుకుంటూ డ్రైవరు టీ కొట్టు వైపు వెళ్లిపోయాడు.

ఆసుపత్రి దారిలో చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆ పొద్దు గూడా రోడ్డు ఖాళీగానే ఉండె. విజిలు ఇన్నాను. అయితే... నా తప్పు కాదా?"

కట్టు విప్పారు. చెయ్యి సన్నబడిపోయింది, వేళ్లు పూర్తిగా ముడుచుకోవడం లేదు. కత్తెర పట్టడానికి ఇంకా రెండు నెలలన్నా ఆగాలంది డాక్టరమ్మ.

మధ్యాహ్నం తిరుగు బస్సు కూడా కిక్కిరిసిపోయింది. కండక్టరు విజిలు నోట్లో పెట్టుకుని, కడ్డీ మీద చెయ్యి వేశాడు. నేను అరిచేలోపే చిన్నమ్మ సీట్లోంచి లేచింది. "బ్రేకు ఎయ్యొద్దప్పా! మేమే జరుగుతాము! ఏమప్పా, కాళ్లు లేవా మీకు? జరగండి!"

"బస్సు నీదా ఏమమ్మా?" అని ఎవరో గొణిగారు. గొణుగుతూనే జరిగారు. బ్రేకు పడలేదు.

జడత్వం మీద నాకు కోపం లేదు; నిమ్మకాయకైనా మనిషికైనా అది ఒకటే. దాన్ని కర్రలాగా వాడి మనుషుల్ని తోలేవాళ్ల మీద కోపం. రెండడుగులు జరగడానికి బద్ధకించి, పడినవాళ్లనే తప్పుపట్టే మన మీద అంతకంటే కోపం. ఈ దారిలో నిలబడి పోవలసి వస్తే, కిటికీ వైపు తిరిగి, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడండి. కండక్టరు చేతిని కనిపెట్టి ఉండండి. అది కడ్డీ మీద బిగిసిందంటే మీరూ పట్టుకోండి. పట్టుకుని, అరవండి.