లోవరాజు అనుమానం

పాలవాడి ఎదుటే పాలచుక్క గోటి మీద వేసుకుని చూసే రకం లోవరాజు. "దేవుడి మీదైనా నమ్మకముందా మావా నీకు?" అని భార్య నూకాలమ్మ దెప్పితే, "రోజూ ఆయన గుమ్మంలోనే ఉంటాను కదా, ఎప్పుడైనా పలికితే చెబుతాలే" అనేవాడు.

అలాంటివాడు కళ్ళు మూసుకుని నమ్మింది తండ్రి మాట ఒక్కటే. కొత్తపేట దగ్గర గోటిలంక శివాలయంలో తెల్లవారుజామున తలుపులు తీసేముందు లోవరాజు సన్నాయి మీద ఊదే మేలుకొలుపు, రాజరాజనరేంద్రుడు స్వయంగా కట్టి లోవరాజు వంశానికి ఇచ్చాడని ఊరివాళ్ళ నమ్మకం. కొడుక్కి తప్ప ఎవరికీ నేర్పకూడదు. "నీకు తప్ప ఇంకో ప్రాణికి చెప్పలేదురా" అని పోయేముందు తండ్రి వీరన్న చేతిలో చెయ్యేసి చెప్పాడు. గుడి ఊరికి మైలు దూరం. ఆ వేళకి అక్కడ పూజారి, సన్నాయి ఊదేవాడు తప్ప నరమానవుడు ఉండడని ఊరి లెక్క.

ఎనభై రెండులో కల్యాణోత్సవాలకి అమలాపురం నుంచి రాక్ సంగీతం వాయించే కుర్రాళ్ళని పిలిపించారు. భుజాల దాకా జుట్టు పెంచిన సాలమోను కరెంటు గిటారుతో పందిరి అదరగొడుతూ, ఏం తోచిందో, మధ్యలో ఆ మేలుకొలుపు అందుకున్నాడు. పూజారి చేతిలో పళ్ళెం జారిపోయింది. అంతే, కట్టినవాడికి తప్ప బయటివాడికి ఆ పాట ఎలా వస్తుందని, రాజుగారు మళ్ళీ పుట్టారని ఊరు కోడై కూసింది. అరచేతిలో శంఖం చూశామన్నవాళ్ళు కూడా బయల్దేరారు. గుడి పెద్ద శ్రీరామచంద్రమూర్తిగారు, లోవరాజు గనక సాక్ష్యం చెబితే సోమవారం పూర్ణకుంభంతో లోపలికి తీసుకెళదామన్నారు.

లోవరాజుకి ఒక్కచోట అనుమానం తగిలింది. వీరన్నకి ఉబ్బసం. మూడో చరణంలో ఆగకూడని చోట ఆగి ఊపిరి పీల్చుకునేవాడు. లోవరాజు అక్కడ ఆగడు. సాలమోను ఆగాడు. గిటారుకి ఊపిరితో పనేంటి? తొమ్మిది వందల ఏళ్ళనాటి రాజుకి నాన్న ఉబ్బసం ఎలా తెలుసు? అంటే నాన్నే ఎవరికో నేర్పాడు. చావుమంచం మీద కూడా అబద్ధం ఆడాడు.

వెళ్ళి సాలమోనునే నిలదీశాడు. "మాయమ్మ జోలకి పాడేదండి. చిన్నప్పుడే అమలాపురం హాస్టల్లో పడ్డానండి, ఏం పాటో నాకు తెలవదండి" అన్నాడు అతను.

అతను చెప్పిన చోటే, గుడి పడమటి గోడవతల, కాలవ గట్టు మీద తల్లి రూతు దొరికింది. నానిన కొబ్బరి డొక్కలు కర్రతో బాది పీచు తీస్తోంది.

"మా నాన్న నీకు నేర్పేడా?"

"అయ్యబాబోయ్, ఎవరూ నేర్పలేదండి. ముప్ఫయ్యేళ్ళబట్టి తెల్లారకముందే వచ్చి ఈ గోడ కిందే కొడతన్నానండి. చెవులు మూసుకుని కొట్టలేను కదండీ?" అని సన్నగా కూనిరాగం తీసింది. మూడో చరణంలో ఆగింది. "ఇక్కడ మీ నాన్నగారు ఆయాసపడేవోరండి. ఇయ్యాల మందేసుకున్నారో లేదో అనుకునేదాన్నండి."

లోవరాజు డొక్కల కుప్ప మీద కూలబడి ఏడ్చాడు. నాన్న అబద్ధం ఆడలేదు. నాన్న ఆయాసాన్ని ఇంట్లోవాళ్ళు కూడా ఇంత శ్రద్ధగా వినలేదు. పన్నెండేళ్ళుగా తానూ ఇదే గోడ ఇవతల ఊదుతున్నాడు, అవతల ఒక మనిషి ఉంటుందని ఒక్కనాడూ అనుకోలేదు. సిగ్గేసింది.

"మేం చర్చికెళ్ళేవోళ్ళవండి. అయినా ఆ పాట ఊదే గుమ్మం ఎలాగుంటదో ఒక్కసారి చూడాలనుందండి" అంది రూతు. "మావోడంటే రాజని పిలుత్తున్నారు. నన్నెవరు పిలుత్తారండి?"

సోమవారం గుడి ముందు ఊరంతా పోగైంది. సాలమోను తల దించుకుని నిలబడ్డాడు.

"ఏవయ్యా లోవరాజూ, రాజుగారేనా?" అన్నారు శ్రీరామచంద్రమూర్తిగారు.

జన్మలో ఒకడి అబద్ధాన్ని సాగనిచ్చినవాడు కాదు లోవరాజు. కానీ గోడవతల విని రూతు పట్టిన పాటని నిజం చెబితే పూర్ణకుంభం వచ్చిన దారినే వెనక్కి పోతుంది. అది అతనికి బాగా తెలుసు.

"ఆయ్, రాజుగారేనండి."

జనం హరహరా అన్నారు. లోవరాజు చేతులు కట్టుకున్నాడు.

"మరి రాజుగారి తల్లిగారు ఆ గోడవతల పీచు కొడతన్నారండి. ఆవిణ్ణి అక్కడే ఒదిలేసి, ఈయన్నొక్కణ్ణే తీసుకెళితే బాగుంటదాండీ?"

శ్రీరామచంద్రమూర్తిగారు లోవరాజు వంక అనుమానంగా చాలాసేపు చూశారు. లోవరాజు చూపు తిప్పుకోలేదు. చివరికి ఆయన తల ఊపితే, పూజారి కుంభం ఎత్తుకుని పడమటి గోడవైపు నడిచాడు.