టేపక్క జాన

మా వదినను మేం పనిచేసే టైలరింగ్ షాపులో అందరూ టేపక్క అంటారు. ముప్ఫై ఏళ్ళుగా గుడ్డ కోస్తూ ఒక్కసారి కూడా టేపు ముట్టుకోలేదు కాబట్టి, వెక్కిరింతగా పెట్టిన పేరది. బొటనవేలూ చిటికెనవేలూ చాచి గుడ్డ మీద జానలు వేసుకుంటూ పోయేది. నాలుగు జానలంటే సరిగ్గా ముప్ఫై రెండు అంగుళాలు. అనుమానంతో టేపు పెట్టి చూసినవాళ్ళు ముక్కున వేలేసుకునేవారు.

మొన్న చలికాలంలో బట్టలు బిగుతయ్యాయంటూ ఒకరి వెనక ఒకరు రావడం మొదలైంది. వదిన ఒప్పుకుంటేగా! "బట్ట తగ్గలేదు, మీరే ఒళ్ళు చేశారు" అని అందరి నోళ్ళూ మూయించింది. ఎదురుగా మిషన్ మీద కూర్చున్న నేనూ ఆవిడకు వంతపాడాను. చివరికి బ్యాండువాళ్ళ కోట్లు ఇరవై నాలుగూ బిగుతై తిరిగొచ్చాయి. అందరూ ఒకేసారి ఒళ్ళు చేయరు కదా. యజమాని టేపు తీసి ఆవిడ జాన కొలిచాడు. పావు తక్కువ ఎనిమిది అంగుళాలు.

అప్పుడు చూశాం ఆ చేతుల్ని. రెండింటికీ వేళ్ళ మొదళ్ళు ఉబ్బి ఉన్నాయి. పొద్దున లేచాక గంట దాటినా పిడికిలి పడటం లేదట. బొత్తాలు కూడా మా అన్నయ్యే పెడుతున్నాడట. నెలల తరబడి దాచిపెట్టింది మహాతల్లి. ఆవిడ మీద ఎంత కోపమొచ్చిందో, ఎదురుగా కూర్చుని గమనించని నా మీద అంతకు రెట్టింపు వచ్చింది.

"ఇక కత్తెర వదిలెయ్యక్కా. కౌంటర్లో కూర్చో" అన్నాడు యజమాని. పాపం, మంచికే అన్నాడు. ఆవిడకు ఒళ్ళు మండిపోయింది.

"నేను గుడ్డ కోసే మనిషిని. నాకు మూడు నెలలు టైమివ్వండి. మీ కళ్ళముందే ఒక కోటు కోస్తా. తప్పొస్తే కత్తెర మీ చేతిలో పెట్టి నేనే వెళ్ళిపోతా."

కీళ్ళ డాక్టరమ్మ రక్తపరీక్షలు చూసి, రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంది. "ఇది వయసుతో వచ్చే అరుగుదల కాదండీ. ఒంటిని కాపాడాల్సిన శక్తే పొరబడి మీ కీళ్ళ మీద పడుతోంది. అదుపులో పెట్టొచ్చు. ఆలస్యం చేస్తే మాత్రం పాడైన కీలు మళ్ళీ మామూలుగా కాదు."

"అంటే నా కాపలావాడే నన్ను కొడుతున్నాడన్నమాట. వాడి సంగతి చూద్దాం" అంది వదిన.

ఇచ్చిన మాత్రల్లో ఒకటి వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుందని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. చెప్పిన గడువుకల్లా రక్తపరీక్షలు చేయించుకోవాలి. ఆరు వారాలు గడిచినా తేడా కనిపించలేదు. ఈలోపు వచ్చినవాళ్ళంతా తలా ఒక నూనె పేరు చెప్పారు. "ఆ నూనె మీ తలకే రాసుకోండి" అని పంపించేది. ఒకరోజు మాత్రం నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. మర్నాడు మాత్ర వేసుకునే రోజు. మర్చిపోకుండా వేసుకుంది.

రెండో నెల చివర్లో పిడికిలి పడింది. పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళలో చేతులు పెట్టి, వేళ్ళు మెల్లగా ఆడించుకుని, పదకొండింటికి షాపుకొచ్చేది. దానంతటదే తెరుచుకునే స్ప్రింగు కత్తెర కొనుక్కుంది. మిగులు ముక్కల మీద అరగంట కోసి పది నిమిషాలు ఆగేది. టేపు దగ్గరే గొడవంతా. నేను మెడలో వేస్తే తీసి నా మొహాన కొట్టేది.

గడువు రోజు వచ్చింది. యజమాని కావాలనే మందపాటి ఉన్ని గుడ్డ పరిచాడు. మిషన్లన్నీ ఆగిపోయాయి. వదిన అలవాటుగా జాన చాచింది. క్షణం ఆగి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఏయ్ ఆడపడుచూ, ఆ టేపు ఇటివ్వు."

మధ్యమధ్య ఆగుతూ కోసింది. యజమాని ప్రతి ముక్కా కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

"నొప్పిగా లేదా అక్కా?"

"ఉంది. కొలత సరిపోయిందా లేదా, అది చెప్పండి."

"సరిపోయింది."

ఆవిడ కత్తెర బల్ల మీద పెట్టలేదు. "అయితే బిగుతన్నవాళ్ళందరినీ పిలిపించండి, బ్యాండువాళ్ళతో సహా. ఒళ్ళు చేసింది వాళ్ళు కాదు, తగ్గింది నా జాన. ఆ మాట వాళ్ళ మొహం మీదే చెప్తా. అందరికీ కొత్తవి ఇద్దాం" అంది. తర్వాత నా టేపు తన మెడలో వేసుకుంది. "కోసేది మాత్రం నేనే."