పాఠానికి ముందు పది సెకన్లు

ఇవాళ ఉదయం ఆరు గంటల పదహారు నిమిషాలకు నా లాప్‌టాప్ కొత్త ఆపరేటింగ్ సిస్టంలోకి మారడం పూర్తయింది. అంతవరకు గట్టిగా తిరిగిన ఫ్యాన్ నెమ్మదించింది. బల్ల మీద ఆనించిన అరచేతికి తెలుస్తున్న సన్నటి వణుకు ఆగింది. కాసేపటికి స్క్రీన్ రీడర్ గొంతు విప్పి టైము చెప్పింది. నాకు చూపు లేదు. తెర మీద ఏముందో చదివి వినిపించే ఆ ప్రోగ్రాం మాట్లాడితేనే నాకు అది కంప్యూటర్, లేకపోతే మూత ఉన్న డబ్బా. ఆ గొంతు వినిపించేదాకా నేను కుర్చీలో కదల్లేదు. ఆరేళ్ళ కింద ఇదే లాప్‌టాప్‌ను, ఇదే బల్ల మీద, కొత్త సిస్టం నుంచి పాతదానికి వెనక్కి తీసుకెళ్ళాం. అప్పుడు పక్క కుర్చీలో సమ్మయ్య కాక ఉన్నాడు. ఆయన పోయి రెండేళ్ళయింది.

సమ్మయ్య కాక మాకు బంధువు కాడు. పాలంపేట దగ్గరి ఒక పల్లెలో పుట్టి హన్మకొండలో స్థిరపడ్డ మనిషి. చిన్నప్పుడు తట్టు పోసి చూపు పోయింది. ఇరవై ఏళ్ళు మైక్‌సెట్ నడిపాడు. పెళ్ళిళ్ళు, సభలు, మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ యార్డు. పాడైన ఆంప్లిఫయర్ మూత తీసి, వేడెక్కిన భాగాన్ని వేలితో, కాలిన భాగాన్ని ముక్కుతో కనిపెట్టేవాడట. మైక్‌సెట్లకు గిరాకీ తగ్గాక, నలభై దాటిన వయసులో కంప్యూటర్ నేర్చుకున్నాడు. ఒక ట్రస్టు సాయంతో, ఒక జిరాక్స్ షాపు పైన గది తీసుకొని, చూపులేని విద్యార్థుల కోసం డిగ్రీ పాఠాలు చదివించి రికార్డు చేసేవాడు. బయటి చప్పుడు రాకుండా గది గోడలకు పాత బొంతలు వేలాడదీశాడు. ఎండాకాలంలో ఆ గదిలో రెండు పేజీలు చదివేసరికి మెడ వెనక చెమట కారేది.

నాకు డిగ్రీ రెండో ఏట చూపు పోయింది. ఏడాది పాటు హసన్‌పర్తిలో మా ఇంట్లోనే, నాన్న కిరాణా దుకాణం వెనక గదిలో కూర్చున్నాను. చివరికి మేనమామ చేయి పట్టుకొని ఈ మెట్లు ఎక్కించాడు. "పిల్ల మంచిగ చదువుతది. గొంతు కూడ బాగుంటది" అని మామ చెప్తుంటే, సమ్మయ్య కాక మధ్యలోనే ఆపాడు.

"చదివేటోళ్ళు మస్తుమంది ఉన్నరు. కోసుడు నేర్చుకుంటవా బిడ్డా?"

రికార్డు చేసినదాంట్లో దగ్గులు, తడబాట్లు, తప్పులు తీసేసి మిగిలినదాన్ని అతకడాన్ని ఆయన కోయడం అనేవాడు. నాకు అప్పటికి అది తెలియదు. తెలిశాక, "కండ్లు లేకుంట ఎట్ల కోస్తరు?" అని అడిగాను.

"చప్పుడు కోసుటానికి కండ్లెందుకే? టైలర్ ఏమన్న చెవులతోటి గుడ్డ కత్తిరిస్తడా?"

చూపు పోయాక నేను నవ్వడం అదే మొదటిసారి అని మామ ఇంటికి వెళ్ళి చెప్పాడట. నాకు గుర్తు లేదు. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి రమ్మన్నాడనీ, వెళ్ళాననీ మాత్రం గుర్తుంది.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. పాఠం మొదలుపెట్టే ముందు లేచి నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టేవాడు. మైక్‌సెట్ రోజుల అలవాటు. "గది ఎట్లున్నదో అడుగుతాన" అనేవాడు. ఆ తర్వాత ఫ్యాన్ ఆపి, రికార్డింగ్ నొక్కి, పది సెకన్ల పాటు ఏమీ మాట్లాడకుండా గదిని రికార్డు చేసేవాళ్ళం. అది లేనిదే మొదటి వాక్యం చదవనిచ్చేవాడు కాదు. ఎందుకో కోత నేర్చుకున్నాక అర్థమైంది. ఒక దగ్గును కోసి తీసిన చోట ఏమీ లేకుండా వదిలేస్తే, వినేవాళ్ళ చెవి అక్కడ తడబడుతుంది. అక్కడ అదే గది నిశ్శబ్దాన్ని తెచ్చి అతకాలి. "ఏం లేకపోవుడు వేరు, ఎవ్వలు మాట్లాడకపోవుడు వేరు. రెండిటి చప్పుడు ఒక్కటి కాదు" అని నాకు రెండూ మార్చి మార్చి వినిపించాడు. పైనుంచి చప్పట్లు వినిపిస్తే కింద జిరాక్స్ షాపు శోభక్క మిషన్ ఆపేది. ఏమైందక్కా అని గిరాకులు అడిగితే, "జర ఆగుండ్లి, పైన గది ముచ్చట పెడ్తాంది" అనేది.

నేను చేరిన మూడో ఏడు లాప్‌టాప్ దానంతట అదే కొత్త ఆపరేటింగ్ సిస్టంలోకి మారిపోయింది. పొద్దున వచ్చి తెరిస్తే స్క్రీన్ రీడర్ మాట్లాడింది కానీ, మేము కోతకు వాడే ప్రోగ్రాం దగ్గరికి వెళ్ళగానే నోరు మూసుకుంది. పాఠం వినిపిస్తోంది. ఎక్కడున్నానో, ఎన్నో నిమిషమో, ఎంత భాగం పట్టుకున్నానో చెప్పే గొంతు మాత్రం లేదు. చూపున్నవాళ్ళకు ఏ తేడా ఉండదు. మాకు కత్తెర ఉంది, గుడ్డ ఎక్కడుందో తెలియదు. పరీక్షలకు ముందు చరిత్ర పాఠాలు పదకొండు పంపాలి. స్క్రీన్ రీడర్ ఇయర్‌ఫోన్‌లో చెప్పే పాఠాన్ని వింటూ నా గొంతుతో చదవడం, కోయడం అన్నీ అయ్యాయి. చివరిసారి విని, సరిచేసి పంపడమే మిగిలింది. తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశాం. ప్రోగ్రాం కొత్తది వస్తుంది, కొన్నాళ్ళు ఆగండి అన్నారు. ఎన్నాళ్ళో ఎవరూ చెప్పలేదు.

ట్రస్టు కోఆర్డినేటర్ ఫోన్ చేసింది. ఆమె మంచి మనిషే. "మీరు చదివి పంపండి చాలు. ఎడిటింగ్ హైదరాబాద్‌లో మావాళ్ళు చూసుకుంటారు. ఇకముందు కూడా అట్లనే చేద్దాం, మీకెందుకు శ్రమ" అంది. నాకు ఒక్క క్షణం హాయిగా అనిపించింది. సమ్మయ్య కాక నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు.

"పదిహేను రోజులు టైం ఇయ్యుండ్లి మేడం. కాకపోతే మీరన్నట్లే పంపుతం." ఫోన్ పెట్టేశాక నా వైపు తిరిగాడు. "శ్రమ కాదు బిడ్డా, కత్తెర అడుగుతాండ్లు. ఇయ్యాల ఇచ్చినవనుకో, నువ్వు చదివినదాంట్ల ఏం ఉంచిన్రో, ఏం తీసిన్రో రేపు నీకే తెల్వది. గొంతు ఒక్కటి ఇచ్చి ఇంటికి పోతవు."

ఇంటికి అన్న మాట నాకు తగిలింది. నేను ఏ ఇంటి వెనక గదిలోంచి వచ్చానో ఆయనకు తెలుసు.

పాత సిస్టంకు వెళ్ళాలని ఆయనే తేల్చాడు. ముందు ఎవరికైనా చూపిద్దామని నేను పట్టుబడితే రిపేర్ షాపుకు తీసుకెళ్ళాం. అక్కడతను మూత తెరిచి రెండు నిమిషాల్లో చెప్పాడు, "డిస్‌ప్లే పోయిందన్నా. మొత్తం నల్లగ ఉంది. కొత్తది వెయ్యాలె." మేమిద్దరం లాప్‌టాప్ సంచిలో పెట్టుకొని ఆటోలో వచ్చేశాం. తెర పోతే మాకేం, కానీ పాత సిస్టం ఎక్కించేటప్పుడు స్క్రీన్ రీడర్ ఉండదు. తెర మీద అడిగే ప్రశ్నలు చూపున్నవాళ్ళు ఎవరైనా చదవాలి. ఆ దారి కూడా మూసుకుపోయిందని నేను మెట్ల మీదే కూలబడ్డాను. సమ్మయ్య కాక ఒక మెట్టు పైన ఆగి, సంచిలోని లాప్‌టాప్‌ను తట్టాడు.

"బిడ్డా, బ్యాటరీ ఎక్కువ సేపు రావాలని లైటు ఎప్పుడు తగ్గించినం?"

నేను చేరిన కొత్తల్లో. మొదటి వారంలోనే ఆయన నాకు చూపించిన కిటుకు అది. వెలుగు మాకు అక్కర్లేదు గనుక సున్నాకు తెచ్చి, ఆ సంగతి మర్చిపోయాం. శోభక్కను పిలిచి, కీ నొక్కుతూ పోయాను. "ఆ, వచ్చింది వచ్చింది. అవ్వో, తెర నిండ దుమ్మే ఉన్నదే" అని ఆమె కొంగుతో తుడిచింది. సమ్మయ్య కాక చాలాసేపు నవ్వాడు. "డిస్‌ప్లే పోలే. దాన్ని చూసేటోళ్ళు లేక పండుకున్నది."

మర్నాడు పని మొదలుపెట్టాం. డిస్కు మొత్తం తుడిచి పాత సిస్టం ఎక్కించాలి. అందుకని ముందు పాఠాలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. "అన్ని పడ్డయా?" అని అడిగాడు. "పడ్డయి కాకా" అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. శోభక్క తలుపు దగ్గర టిఫిన్ డబ్బాతో కూర్చొని తెర చదివింది. ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, మాటలు రావు.

"ఐ, ఎన్, ఎస్, టి..."

"చాలక్కా, ఇన్‌స్టాల్."

"పూర్తిగ చదవనియ్యవేందే? మధ్యల ఇంకేమన్న ఉంటే?"

ఆమె అన్నది నిజమే. అక్షరం అక్షరం చెప్పనిచ్చాం. ఎక్కడ ఎన్నిసార్లు ట్యాబ్ నొక్కాలో సమ్మయ్య కాకకు లెక్క గుర్తుంది. ఆమె చదివేది ఆయన లెక్కకు సరిపోయినప్పుడే నేను ఎంటర్ నొక్కాలి. ఇక శాతాలు మొదలయ్యాయి. "ముప్పై నాలుగు. ముప్పై నాలుగే. ఇంక ముప్పై నాలుగే కాకా, నా బువ్వ సల్లారుతాంది." మధ్యాహ్నం దాటాక పాత స్వాగత శబ్దం వినిపించింది. స్క్రీన్ రీడర్ వేసి, పాత కోత ప్రోగ్రాం వేసి తెరిచాను. మొదటి ట్రాక్, సున్నా నిమిషాలు, సున్నా సెకన్లు అంది. అంతకంటే మంచి మాట నేను ఆ ఏడాది వినలేదు.

అప్పుడు పెన్‌డ్రైవ్ తెరిచాను. ఏడు పాఠాలే ఉన్నాయి. ఎనిమిది నుంచి పదకొండు దాకా లేవు. కాపీ మధ్యలో ఆగింది. చోటు చాల్లేదని స్క్రీన్ రీడర్ పొద్దున చెప్పబోయింది. మాలాంటి వాళ్ళకు ఒక అలవాటు ఉంది. ఆ గొంతు మొదలెట్టగానే మొదటి ముక్క విని, మిగతాది తెలుసులే అని కంట్రోల్ కీ నొక్కి ఆపేస్తాం. పని వేగంగా సాగేది దాంతోనే. నేనూ నొక్కాను. కోసి, అతికి, పూర్తి చేసిన నాలుగు పాఠాలు తుడిచిన డిస్కుతో పాటు పోయాయి.

కాకకు చెప్పాను. 

"ఏ నాలుగు?"

"ఎనిమిది నుంచి పదకొండు, కాకా. హైదరాబాద్‌కే పంపుదాం. నాతోటి కాదు."

"తలుపెయ్యి" అన్నాడు. వేశాను. ఆయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. కింద జిరాక్స్ మిషన్ ఆగింది.

గడువు ఇంకా తొమ్మిది రోజులుంది. పొద్దంతా చదివాను, కోశాను. ఆయన పక్కన కూర్చొని విన్నాడు. పదో పాఠంలో గొంతు బొంగురుపోతే వేడినీళ్ళు తెప్పించాడు, మానేద్దామని అనలేదు. జరిగినదాని గురించి ఒక్క మాట కూడా ఎత్తలేదు. గడువుకు ఒక రోజు ముందు పదకొండూ పంపాం. కోత పని మా దగ్గరే ఉంటుందని కోఆర్డినేటర్ ఫోన్ చేసి చెప్పింది. ఆ సాయంత్రం ఇంటికి బయల్దేరబోతుంటే మళ్ళీ కూర్చోబెట్టాడు. సిస్టంను వెనక్కి తెచ్చిన విధానమంతా నా గొంతుతో రికార్డు చేయమన్నాడు.

"కంట్రోల్ నొక్కిన ముచ్చట కూడ చెప్పు."

"అదెందుకు కాకా? ఇజ్జత్ పోతది."

"నీ తర్వాత వచ్చేదాని పాఠాలు పోవద్దంటే నీ ఇజ్జత్ పోవాలె."

చెప్పాను. ఆ ఫైలు ఇప్పటికీ ఉంది. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజు వినిపిస్తాను. అక్కడికి రాగానే అందరూ నవ్వుతారు. నవ్వాక ఎవరూ ఆ తప్పు చేయలేదు.

సమ్మయ్య కాక వానాకాలంలో పోయాడు. జ్వరమని దవాఖానలో చేర్చారు, మూడో రోజుకు పోయాడు. పెద్ద మాటలు చెప్పి వెళ్ళలేదు. చివరిసారి కలిసినప్పుడు ఆయన అడిగింది ఒకటే, కొత్త సిస్టంలో ప్రోగ్రాం మాట్లాడుతోందా అని. ఇంకా లేదన్నాను. "మాట్లాడిన నాడు మారుండ్లి. ఎనుకకు పోవుడు మన పంతం కాదు. పని చేతిల ఉండాలె, గంతే."

ఈ మధ్య ఆ ప్రోగ్రాం కొత్తది వచ్చింది, మాట్లాడుతోంది. అందుకే ఇవాళ మారాం. మారే ముందు పాఠాలన్నీ రెండు చోట్ల కాపీ చేశాను. స్క్రీన్ రీడర్ చెప్పింది చివరి మాట దాకా విన్నాను. అది చాలదని ఒక్కో ఫైలూ తెరిచి మొదలు విన్నాను. ఆ మొదట్లో గది నిశ్శబ్దం ఉంది. పదో పాఠం ముందు పది సెకన్లలో, నా పక్క కుర్చీ ఒకసారి కిర్రుమంది. తర్వాత మెల్లగా వదిలిన ఊపిరి. అప్పట్లో దాన్ని కోసి తీసేయాల్సింది. ఎందుకు వదిలానో తెలియదు. ఇవాళ కూడా ముట్టుకోలేదు.

ఇప్పుడు ఈ గదిలో నాతో పాటు ఇద్దరు అమ్మాయిలు కోత పని చేస్తున్నారు. ఇద్దరికీ చూపు లేదు. ఈ ఆరేళ్ళలో ఒక్క పాఠం కూడా కోతకు బయటికి పోలేదు. కొత్త ప్రోగ్రాం గది చప్పుడును దానంతట అదే గుర్తుపట్టి, కోసిన చోట దానంతట అదే నింపుతుంది. కింద జిరాక్స్ షాపు ఉంది, శోభక్క ఉంది, మిషన్ రోజంతా ఆగకుండా నడుస్తోంది. పాఠం మొదలుపెట్టే ముందు ఇప్పుడు మేము చప్పట్లు కొట్టడం లేదు.