సరస్సు ఒడ్డున మనవాళ్ళెంతమంది?

ఏ ఊరి పేరు చెప్పినా మా నాన్న ముందు అడిగేది జనాభా. ఎండా చలీ తర్వాత, తిండీ తిప్పలూ తర్వాత. తెనాలిలో సోషల్ మేష్టారుగా పనిచేసిన రోజుల్లో పదేళ్ళకోసారి ఆయనకి జనాభా లెక్కల డ్యూటీ పడేది. మిగతా మేష్టర్లు దాన్ని తప్పించుకోవడానికి లేని జబ్బులు తెచ్చుకుంటే, ఈయన మాత్రం పెళ్ళికి పిలిచినట్టు సంబరపడిపోయేవాడు. సంచీ తగిలించుకుని గడపగడపకీ తిరిగి, సాయంత్రం ఇంటికొచ్చాక మాకు పాఠం చెప్పేవాడు.

"కుటుంబం అంటే గోడలూ కప్పూ కాదు. చుట్టరికం కూడా కాదు. ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్ళంతా ఒక కుటుంబం. రూలు అదీ."

ఒకసారి ఎవరో అన్నదమ్ములు ఒకే ఇంట్లో ఉంటూ పొయ్యిలు వేరు పెట్టుకున్నారని తెలిసి, రెండు కుటుంబాలని రాసొచ్చాడు. పెద్దాయన మా ఇంటిదాకా వచ్చి పరువు తీశావంటూ కేకలేశాడు. నాన్న తొణకలేదు, బెణకలేదు. "పొయ్యిలు రెండున్నప్పుడు నేనేం చెయ్యను బాబాయ్?" అన్నాడు.

అమ్మ పోయాక నాన్న మా దగ్గరికి, సిడ్నీలో గిరావీన్‌కి వచ్చేశాడు. ఆ అలవాటూ వెంట వచ్చింది. నెల తిరక్కుండానే మా వీధిలో తెలుగువాళ్ళెందరు, తమిళులెందరు, పిల్లల్లో తెలుగు అర్థమై ఇంగ్లీషులో జవాబిచ్చేవాళ్ళెందరు, అన్నీ తేల్చేశాడు. ఆ చివరి లెక్కలో మా అమ్మాయి కూడా ఉంది.

అలాంటి మనిషికి మా చెల్లెలు ఫోన్ చేసి, కెనడాలో ఎమ్మెస్ అయ్యాక ఉద్యోగం వచ్చిన చోటు పేరు చెప్పింది. సాగనే, లాక్ సాన్ జాన్. క్యూబెక్ రాష్ట్రంలో ఉత్తరంగా ఉంటుందిట. నాన్న కళ్ళజోడు సవరించుకుని, "జనాభా ఎంత? ఏ భాష?" అన్నాడు.

చెల్లి వీడియోలోనే భోజనం ప్లేటు ఎత్తి చూపించింది. "ఇదుగో నాన్నా, ఇది సరస్సు. దాదాపు గుండ్రంగా ఉంటుంది. ఉత్తరాన్నించి నదులన్నీ వచ్చి ఇందులో పడతాయి. బయటికి మాత్రం తూర్పునించి ఒక్కటే పోతుంది, అదే సాగనే. కొండల మధ్య లోతుగా పారి పెద్ద నదిలో కలుస్తుంది, అట్నించి సముద్రం. జనమంతా ఈ ప్లేటు అంచు చుట్టూ, ఆ నది పొడుగునా ఉంటారు. మిగతాదంతా అడవే. అందరూ ఫ్రెంచే మాట్లాడతారు. వాళ్ళకంటే ముందునించీ ఉన్న ఇన్నూ ప్రజలు పడమటి ఒడ్డున ఉంటారు. చలికాలంలో ఊళ్ళవాళ్ళంతా నది గడ్డకట్టిన చోట చిన్న చిన్న గుడిసెలేసుకుని చేపలు పడతారు."

"ఆ గుడిసెల్లో వాళ్ళని ఎక్కడ లెక్కేస్తారు?" అన్నాడు నాన్న.

"రాత్రికి ఇంటికెళ్ళిపోతార్లే నాన్నా!"

అప్పుడొచ్చింది అసలు ప్రశ్న. "మనవాళ్ళెంతమంది?"

చెల్లి నవ్వింది. "ఇద్దరం. నేనూ, ఆయనా."

నాన్న నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. ఇక్కడ గిరావీన్‌లో కరివేపాకు అయిపోతే పక్కింటి ఆంటీని అడుగుతాను, జ్వరమొస్తే ఎదురింటివాళ్ళు చారు పంపుతారు. అక్కడ అంత పెద్ద సరస్సు చుట్టూ వెతికినా వాళ్ళిద్దరే.

రెండేళ్ళకి చెల్లి కడుపుతో ఉందని తెలిసింది. తొలి కాన్పు. అమ్మ ఉంటే అమ్మ వెళ్ళేది. లేదు కాబట్టి నేను వెళ్ళాలి. వీసాకి పెట్టుకుంటే ఎంతకీ తేల్చరే! రోజూ ఆఫీసుకి వెళ్ళగానే ఈమెయిల్ చూడ్డం, లేదని తెలిసి కంప్యూటర్ మీద విసుక్కోవడం. నెలలు నిండుతున్నాయి, నా వీసా మాత్రం రాలేదు.

అప్పుడు నేనో ఘనకార్యం చేశాను. మా తెలుగు వాట్సాప్ గ్రూపులో అడిగితే ఎవరి పిన్నిగారో మాంట్రియల్‌లో ఉన్నారని తెలిసింది. అదీ క్యూబెకే కదా! మంచావిడ. పురుళ్ళు పోసిన అనుభవం ఉంది, బాలింతలకి పెట్టే కాయం చేయడం వచ్చు, పథ్యం తెలుసు. నెలరోజులు వచ్చి ఉంటానంది. కాకపోతే మంచులో ఒంటరిగా బస్సులు మారలేనంది. కాన్పుకి ఇంకా మూడు వారాలుంది కాబట్టి మా మరిదిని వెళ్ళి కారులో తీసుకురమ్మన్నాను.

చెల్లి ఒప్పుకోలేదు. "అక్కా, చాలా దూరమే. మధ్యలో అంతా అడవి. అయినా కింద పోర్షన్లో ఇంటి ఓనరావిడ ఉంది. ముసలావిడే గానీ గట్టిది. ఏం కావాలన్నా చూస్తానంది."

నా నోరు ఊరుకుంటుందా? "ఆవిడకి పథ్యం తెలుసా? ఒంటికి నూనె పట్టించడం తెలుసా? నొప్పుల్లో నువ్వు అమ్మా అని అరిస్తే ఆ ఫ్రెంచావిడకి ఏం అర్థమవుతుందే పిచ్చిదానా? మనవాళ్ళు ఒక్కరైనా పక్కన ఉండొద్దూ?" అన్నాను. దూరం అంటే కూడా విన్లేదు. మా ఆయన ప్రతి సోమవారం కారేసుకుని కాన్‌బెర్రాలో గంగాలిన్ దాకా పోయి శుక్రవారం వచ్చేస్తాడు. మూడు గంటల మోటర్‌వే, మధ్యలో ఒక కాఫీ. ప్రపంచంలో దూరాలన్నీ నాకు ఆ కొలతే. "ఒకే రాష్ట్రంలో ఉన్న ఊరికి ఇంత రాద్ధాంతమా?" అన్నాను. మా మరిది నోట్లో నాలుక లేని మనిషి. "సరే వదినగారూ" అని బయల్దేరి వెళ్ళాడు.

ఆ మర్నాడు మాకు ఫిబ్రవరి ఎండ, మా ఆఫీసున్న పారమట్టాలో రోడ్డు మీద నిలబడలేనంత. మధ్యాహ్నం ఆఫీసు కిచెన్లో డబ్బా వేడి చేసుకుంటున్నాను. చెల్లి ఫోను. అక్కడ ముందురోజు రాత్రి ఎనిమిది.

"అక్కా, ఉమ్మనీరు పోయింది. పొద్దున్నించీ నడుం నొప్పిగానే ఉంది, మామూలుదే అనుకున్నాను. ఆయనింకా మాంట్రియల్లో పిన్నిగారింట్లోనే ఉన్నారు. మంచు తుఫానుట, అడవి రోడ్డు మూసేశారు. అక్కా, భయమేస్తోంది." అంతే, లైను పోయింది.

తిరిగి చేస్తే ఎత్తదు. మళ్ళీ చేస్తే ఎత్తదు. మైక్రోవేవ్ కూస్తూనే ఉంది, తలుపు తీయాలని కూడా తోచలేదు. ఉన్న ఇద్దరిలో ఒకణ్ణి నా నోటి దురుసుతో ఐదారు గంటల దూరానికి తోలేశాను. నా బుద్ధి గడ్డి తిన్నదా? అమ్మ పోయేముందు నా చెయ్యి పట్టుకుని "దాన్ని చూసుకోవే" అంది. ఇదా నేను చూసుకోవడం?

ముప్పావుగంట తర్వాత, ఐదోసారికి ఫోను ఎత్తారు. చెల్లి కాదు. ఒక ముసలి గొంతు గబగబా ఫ్రెంచిలో ఏదో చెబుతోంది. నేను ఇంగ్లీషులో అరుస్తున్నాను, ఆవిడ ఫ్రెంచిలో ఇంకా గట్టిగా అరుస్తోంది. ఇద్దరం కలిసి ఒక్క ముక్క అర్థం చేసుకోలేదు. వెనకనించి చెల్లి మూలుగు మాత్రం వినిపించింది.

అప్పుడు గుర్తొచ్చింది. మా పక్క డెస్కులో కూర్చునే ఆవిడది మారిషస్. వాళ్ళమ్మతో ఫోన్లో ఫ్రెంచిలోనే మాట్లాడుతుంది. నాలుగేళ్ళుగా పక్కన కూర్చుంటున్నా, దాని గురించి ఆవిణ్ణి ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. పరుగెత్తుకెళ్ళి ఫోను ఆవిడ చేతిలో పెట్టేశాను. ఏమైందని కూడా అడక్కుండా చెవికి పెట్టుకుంది తల్లి.

ఆవిడ వింటూ నాకు ఇంగ్లీషులో చెబుతూ పోయింది. వాళ్ళు అప్పటికే ఆసుపత్రిలో ఉన్నారు. అంబులెన్సు వచ్చేదాకా ఆగకుండా ఓనరావిడే తన కారులో, ఆ మంచులో, మెల్లిగా తీసుకొచ్చిందట. ఆసుపత్రి ఊళ్ళోనే ఉందట. డాక్టరు చూసిందట, బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోందట. కాన్పయ్యేదాకా ఈ గది వదలనని ఓనరావిడ నర్సులకి చెప్పేసిందట.

ఇంకా ఏదో విని మా మారిషస్ ఆవిడ ఆగింది. "మీ చెల్లి ఆవిడ చెయ్యి పట్టుకుని అక్కా, అక్కా అంటోందట. అలా అంటే ఏమిటని అడుగుతోంది."

"నేనే," అన్నాను. ఆఫీసులో అందరి ముందూ భోరుమని ఏడ్చేశాను.

మారిషస్ ఆవిడ ఆ మాట ఫ్రెంచిలో చెప్పింది. కాసేపు విని, నా వైపు తిరిగింది. "అయితే నువ్వొచ్చేదాకా ఆ పని తను చూస్తానంటోంది."

సెలవు పెట్టి రైలెక్కి మా స్టేషన్ టూంగాబీలో దిగి, ఆ ఎండలో ఇంటికి నడిచాను. నాన్న డైనింగ్ టేబుల్ దగ్గర ఐప్యాడ్‌లో మ్యాపు పెట్టుకుని కూర్చున్నాడు. మరిది ఆయనకీ ఫోన్ చేసినట్టున్నాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండనిపించింది కూడా.

"ఇది చూశావా?" అన్నాడు. వేలితో మాంట్రియల్ నించి సరస్సు దాకా గీత గీశాడు. మధ్యలో ఎక్కువ భాగం ఆకుపచ్చే. పెద్ద ఊళ్ళేవీ కనబడలేదు.

"చూడలేదు నాన్నా. గంగాలిన్ అంత దూరమే అనుకున్నాను. తప్పయిపోయింది."

"మేష్టారి కూతురివి. మ్యాపు చూడకుండా మనిషిని పంపుతావా?" అన్నాడు. ఫ్యాను పెద్దది చేసి నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

ఆ మధ్యాహ్నమంతా ఎలా గడిచిందో నాకే తెలీదు. గిన్నెలు తోమినవే మళ్ళీ తోమాను. ఫోను మోగితే ఒకసారి కరెంటు కంపెనీవాడు, ఇంకోసారి మా అమ్మాయి, స్కూల్ నించి పికప్ చేస్తావా మమ్ అని. ఇద్దర్నీ కసిరాను. నాన్న దేవుడి ముందు దీపం పెట్టి వచ్చి, మళ్ళీ మ్యాపు ముందు కూర్చున్నాడు.

నాలుగున్నరకి ఫోటో వచ్చింది. తెల్లటి ఆసుపత్రి దుప్పట్లో ఎర్రగా, కళ్ళు గట్టిగా మూసుకుని, ఇంత జుట్టుతో ఒక బుజ్జిముండ. ఆడపిల్ల. మూడు వారాలు ముందొచ్చినా చక్కగా ఉందిట. వెనకాల చెల్లి, జుట్టంతా చెదిరి, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది. దాని భుజం మీద ముడతలు పడ్డ చెయ్యొకటి. మనిషి ఫోటోలో లేదు, చెయ్యి మాత్రమే ఉంది.

హమ్మయ్య! నేలమీదే చతికిలబడి నవ్వాను, ఏడ్చాను, మళ్ళీ నవ్వాను. నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ ఫోటో చూశాడు. పొద్దున్నించీ ఇద్దరం ఏమీ తిన్లేదని అప్పుడు గుర్తొచ్చింది. పెరుగన్నంలో మాగాయ వేసుకుని వంటింట్లో నిలబడే తిన్నాం. అంత రుచైన అన్నం నేనెప్పుడూ తినలేదు.

రోడ్డు తెరిచాక మర్నాడు మరిది చేరాడు. పిన్నిగారు మాత్రం రాలేదు. ఆ మంచు చూసి జడిసి, కాయం డబ్బా ఒక్కటీ కట్టి పంపింది. ఆవిణ్ణి తప్పు పట్టను, నేనైనా జడుసుకునేదాన్నే.

చెల్లి ఆసుపత్రినించి వచ్చాక మేడమెట్లు ఎక్కడానికి ఓనరావిడ ఒప్పుకోలేదట. మంచు పేరుకుని జారుతున్నాయని చెప్పి, తన ఇంట్లోనే ముందుగది ఖాళీ చేసి ముగ్గుర్నీ దింపేసింది. ఆ సరస్సు వైపు ఫేమస్ అని పెద్ద చిక్కుడుగింజలూ బార్లీ వేసి కుండెడు సూపు కాచింది.

"బాలింతకి చిక్కుడుగింజలా!" అని నేను ఫోన్లో గుండెలు బాదుకున్నాను. "వాతం చేస్తుందే!"

"గింజలు ఆయనకి పెట్టేసి, పైన నీళ్ళు నేను తాగాన్లే అక్కా," అంది చెల్లి. "ఆవిడకి మన కాయం ఒక ముక్క పెట్టాను. కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి. ఆ మిరియాల ఘాటుకి ఫ్రెంచిలో ఏదో తిట్టి, ఇంకో ముక్క అడిగింది."

పదకొండో రోజున నాన్న వీడియో కాల్ చేశాడు. అటు చెల్లి ఒళ్ళో పాప, పక్కన మరిది. వెనకాల స్టవ్ దగ్గర ఓనరావిడ మా వైపు వీపు పెట్టి ఏదో కలుపుతోంది. నాన్న పాపని కళ్ళారా చూసుకుని, గొంతు సవరించుకుని, సంచీ తగిలించుకుని గడప దగ్గర నిలబడ్డప్పటి గొంతుతో అడిగాడు.

"ఇప్పుడు మనవాళ్ళెంతమంది?"

"ముగ్గురం నాన్నా," అంది చెల్లి, మురిసిపోతూ.

"వంటెక్కడ?"

"ఇక్కడే. పైకి ఎక్కనివ్వట్లేదుగా. అందరికీ ఆవిడ స్టవ్ మీదే."

"మరి ముగ్గురంటావేమిటి? రూలు మర్చిపోయావా?"

చెల్లి వెనక్కి తిరిగి స్టవ్ వైపు చూసింది. మళ్ళీ మా వైపు తిరిగేసరికి దాని కళ్ళు నిండి ఉన్నాయి.

"నలుగురం, నాన్నా."

నాన్న తలూపి నా వైపు చూశాడు. "నలుగురు. రాసుకో," అన్నాడు.

రాసుకున్నాను.