శ్రీపంచమి రాజీనామా

మా స్కూల్లో ఉద్యోగం మానేయడానికి ఉన్నన్ని దారులు చేరడానికి ఉండేవి కావు. చేరడానికి ఒకటే దారి. కరస్పాండెంట్ గారి గదిలోకి వెళ్లి నమస్కారం పెట్టి, టెన్త్ మొదలు బీఎడ్ దాకా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ ఆయన చేతిలో పెట్టాలి. ఆయన వాటిని వెలుతురులోకి పట్టి చూసి, ఆకుపచ్చ బీరువాలో పెట్టి తాళం వేసేవారు. మళ్లీ ఆ తాళం తీసేది ఏప్రిల్ ఆఖర్లోనే. ఒరిజినల్స్ లేకుండా ఇంకోచోట ఎవరూ ఉద్యోగం ఇవ్వరు కాబట్టి, టీచర్లు ఏడాది మధ్యలో కదలరని ఆయన ధీమా. తొంభైల్లో, గుడివాడలో, నేను పనిచేసిన ఆ చిన్న ప్రైవేటు స్కూలు పద్ధతి అది.

ఆయన చెడ్డవారని కాదు. ఒక ఏడు ఫిబ్రవరిలో ముగ్గురు టీచర్లు ఒకేసారి వెళ్లిపోతే టెన్త్ పిల్లలు దెబ్బతిన్నారట. ఆ భయం ఆయనను వదల్లేదు.

అయినా పోయేవాళ్లు పోతూనే ఉండేవారు. మా డ్రిల్లు మాస్టారికి పచ్చకామెర్లు వచ్చాయని, పసరు మందు తాగి మజ్జిగన్నం తింటున్నారని ఆయన భార్య వచ్చి చెప్పి వెళ్లింది. అయ్యో అనుకుని మేం నలుగురం బత్తాయిలు కొనుక్కుని చూడడానికి వెళ్లాం. ఇంటికి తాళం. పక్కింటావిడని అడిగితే, ఫలానా స్కూల్లో ఆటల పోటీలు కదండీ, పొద్దున్నే ఈల వేసుకుంటూ వెళ్లారని చెప్పింది. బత్తాయిలు మళ్లీ మోసుకురావడం ఎందుకని ఆయన అరుగు మీదే కూర్చుని తిన్నాం. ఏప్రిల్లో కామెర్లు తగ్గి, వచ్చి సర్టిఫికెట్లు పట్టుకెళ్లారు.

ఒకావిడ మధ్యాహ్నం భోజనానికని వెళ్లి ఇక రాలేదు. గొడుగు మాత్రం స్టాఫ్ రూములో మేకుకి వేలాడుతూనే ఉంది. గొడుగుంది కదా, వస్తుందిలే అని మూడు వారాలు ఎదురుచూశాం. హిందీ మాస్టారిది ఇంకా నాజూకు పని. రాజీనామా హిందీలో రాసిచ్చారు. కరస్పాండెంట్ గారికి హిందీ రాదు, రాదని చెప్పుకోవడం అంతకన్నా రాదు. ‘బాగుంది’ అని సంతకం పెట్టేశారు. నెల తిరిగాక మాస్టారు ఆ కాగితమే చూపించి, మీరు ఒప్పుకున్నారు కదండీ అని సర్టిఫికెట్లు తీసుకుని వెళ్లిపోయారు.

వీటన్నిట్లోకి మర్యాదైన దారి శుభలేఖ. నాలుగు మూలలా పసుపు రాసిన పెళ్లి కార్డు బల్ల మీద పెడితే, అది ఆహ్వానమూ నోటీసూ రెండూ అయ్యేది. శుభకార్యానికి అడ్డుపడడం ఆయనకు ఇష్టం లేదు. తనే లేచి బీరువా తీసి సర్టిఫికెట్లు ఇచ్చి, ఇంట్లోంచి జాకెట్టు గుడ్డ కూడా తెప్పించి పెట్టేవారు.

నా సంగతి వేరు. నేను బడికి వెళ్లిన మనిషిని కాను. మా తాతగారు బందరు ఇంట్లో పీట మీద కూర్చోబెట్టి నేర్పిందే నా చదువు. తెలుగు, కాస్త సంస్కృతం, లెక్కలు పద్దెనిమిదో ఎక్కం దాకా. పరీక్ష ఒక్కటీ రాయలేదు. పెళ్లై గుడివాడ వచ్చాక, పసిపిల్లలకు అక్షరాలు దిద్దించడానికి మనిషి కావాలంటే వెళ్లి అడిగాను. కరస్పాండెంట్ గారు నాతో భాగవతం పద్యాలు నాలుగు చదివించుకుని, ఉద్యోగం ఇచ్చేసి, ఆ తర్వాత ఇబ్బందిలో పడ్డారు.

“మరి మీరు మధ్యలో మానేస్తే నేను ఏది పట్టుకోవాలి చెల్లెమ్మా?”

“నా మాట పట్టుకోండి అన్నయ్యగారూ” అన్నాను. పరీక్షలయ్యే దాకా ఏ ఏడూ మధ్యలో మానను అని మాటిచ్చాను. కాగితం ముక్క లేనిదాన్ని నమ్మి పిల్లల్ని అప్పగించిన ఆ మనిషికి ఈనాటికీ రోజూ దీపం పెట్టేటప్పుడు ఒక దణ్ణం పెట్టుకుంటాను. ఆయనకు నేను చేసిన పని ఇప్పుడు చెప్తాను. ఆ దణ్ణమూ నిజమే, ఈ పనీ నిజమే.

మా లెక్కల టీచరు ఇరవై నాలుగేళ్ల పిల్ల. వాళ్లది దివిసీమలో, నాగాయలంక దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే పల్లె. తండ్రి వేటకి వెళ్తాడు, తల్లి చేపలు అమ్ముతుంది. వాళ్ల పేటలో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి ఈ పిల్లే. గుడివాడలో గది తీసుకుని ఉండేది. నన్ను అక్కా అనేది. ఆ ఏడు జనవరిలో దానికి గవర్నమెంటు టీచర్ల జాబితాలో పేరు వచ్చింది. ఫలానా బుధవారం బందరులో సర్టిఫికెట్లు చూస్తారు, ఒరిజినల్సే తేవాలి, తేలేని వాళ్ల పోస్టు జాబితాలో తర్వాతి వాళ్లకి పోతుంది అని ఉత్తరంలో రాశారు.

ఒరిజినల్స్ ఆకుపచ్చ బీరువాలో ఉన్నాయి.

తిన్నగా వెళ్లి అడిగింది. టెన్త్ పరీక్షలు నెత్తి మీద పెట్టుకుని ఇప్పుడా తల్లీ, ఏప్రిల్లో చూద్దాం అన్నారాయన. ఒక్కరోజుకి ఇవ్వండి, మళ్లీ తెచ్చిస్తానంది. ఒక్కరోజుకని తీసుకెళ్లినవాళ్లు తిరిగిరావడం నేను చూళ్లేదన్నారు. వాళ్లమ్మ రెండు బస్సులు మారి వచ్చి వరండాలో కూర్చుంది. ఆవిడకి టీ ఇప్పించారు, కుర్చీ వేయించారు, మీ అమ్మాయి బంగారం అన్నారు, సర్టిఫికెట్లు మాత్రం ఇవ్వలేదు. ఆవిడ గేటు దగ్గర నాతో, “సంద్రంలో వలేస్తే ఏదో ఒకటి పడుద్దమ్మా, ఈ బాబు దగ్గర ఏం వెయ్యాలో తెలవట్లేదు” అని వెళ్లింది.

ఆ సాయంత్రం ఈ పిల్ల కళ్లు మెరిపించుకుంటూ నా దగ్గరికొచ్చింది.

“అక్కా, పెళ్లి కార్డు అచ్చు వేయించేస్తాను. ప్రెస్సాయన యాభైకి తక్కువ వెయ్యనంటున్నాడు.”

“పెళ్లికొడుకెవరే?”

“మా బావ పేరు వేస్తా. వాడు వేటకెళ్లాడు, వారం దాకా రాడు.”

“వచ్చాక?”

“తప్పిపోయిందని చెప్తా. కుదిరినట్టే తెలీదు కదా, తప్పిపోతే వాడికేం బాధ?”

నవ్వీ నవ్వీ నాకు పొలమారింది. మంచినీళ్లు తాగి, పైన వినాయకుడి బొమ్మ వేసి కింద అబద్ధం అచ్చు వేయిస్తావా అని కోప్పడ్డాను.

“వినాయకుణ్ణి వెయ్యొద్దని చెప్తాలే అక్కా.”

ఆ మాట విన్నాక, ఈ పిల్లని దీని తెలివికి వదిలేస్తే ప్రమాదమని తెలిసింది. నాకు రెండు రోజులు టైమివ్వు అన్నాను. నిజానికి నా దగ్గర ఉపాయమేమీ లేదు. ఇంటికెళ్లి కేలెండరు చూశాను. బుధవారానికి రెండు రోజుల ముందు, సోమవారం, శ్రీపంచమి.

శ్రీపంచమి మా స్కూలుకి పెద్ద పండగ. ఊళ్లోంచి పసిపిల్లల్ని తీసుకొచ్చి అక్షరాభ్యాసం చేయిస్తారు. చేయించినవాళ్లు జూన్లో ఇక్కడే చేరుస్తారని కరస్పాండెంట్ గారి ఆశ. సరస్వతీ పూజ బాధ్యత ఏటా నాదే. మర్నాడు ఆయన గదికి వెళ్లి, మా తాతగారు ఆ రోజున ఇంట్లో ఉన్న కలాలూ పుస్తకాలూ సిరాబుడ్లూ అన్నీ అమ్మవారి ముందు పెట్టేవారని చెప్పాను. చదువుకి గుర్తులన్నీ ఆ పూట అమ్మవారి దగ్గరే ఉండాలి గదా అన్నయ్యగారూ, మన టీచర్ల పట్టాలేమో బీరువాలో చీకట్లో ఉన్నాయి అన్నాను. ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు.

ఆయన ఒక నిమిషం ఆలోచించారు. తర్వాత ఆయన ముఖం వెలిగింది. వచ్చే తల్లిదండ్రులందరూ మా టీచర్ల డిగ్రీలు కళ్లారా చూస్తారు కదా అన్నది ఆయనకి తోచిందని నాకు అర్థమైంది.

ఆ మూడు రోజులూ పూజ గదిలో అమ్మవారి పటం వైపు తలెత్తి చూడలేకపోయాను. నిజం సగమే చెప్పాను తల్లీ, మిగతా సగం నువ్వు చూసుకో అని నేల చూపులతోనే దణ్ణం పెట్టుకున్నాను. పిల్లకి మాత్రం గట్టిగా చెప్పాను. దొంగలా వెళ్లడానికి వీల్లేదు, నోటీసు రాసి చేతికిచ్చి వెళ్లాలి అని. అదే కూర్చుని రాసుకుంది. ఆర్డరు రావడానికి నెల పడుతుంది, ఆ నెలంతా టెన్త్‌కి లెక్కలు చెప్పి సిలబస్ పూర్తి చేసే వెళ్తాను అని రెండో పేరాలో రాసింది. మూలలకి పసుపు రాసింది నేనే. అమ్మవారి ముందు పెట్టే కాగితం కదా.

సోమవారం కరస్పాండెంట్ గారు స్నానం చేసి పట్టుపంచె కట్టుకుని, స్వయంగా బీరువా తాళం తీశారు. ఒక్కో టీచరు సర్టిఫికెట్లకి ఒక్కో కొత్త ప్లాస్టిక్ కవరు కొన్నారు. ఎమ్మెస్సీ పైన, బీఎడ్ పక్కన పేర్చుకుంటూ, “ఇవి కొంచెం ముందుకి జరపండి చెల్లెమ్మా, జనానికి కనపడాలి. అమ్మవారు ఓ జానెడు వెనక్కి జరిగినా ఫర్వాలేదు” అన్నారు. జరిపాను.

పూజ బాగా జరిగింది. పసిపిల్లలు పళ్లెంలో బియ్యం మీద ఓనమాలు దిద్దారు. ఒకడు ఆ బియ్యం గుప్పెడు నోట్లో వేసుకున్నాడు. హారతి అయ్యాక, అమ్మవారి ముందు పెట్టిన పలకలు ఎవరివి వాళ్లకి ప్రసాదంగా ఇవ్వడం ఆనవాయితీ. పలకలన్నీ పంచాక నేను లేచి నిలబడి, టీచర్లు కూడా తమ పట్టాలు కరస్పాండెంట్ గారి చేతుల మీదుగా అందుకుంటారు అని అందరికీ వినపడేలా చెప్పాను. తల్లులు చప్పట్లు కొట్టారు.

ఆయన నా పక్కకి వంగి, మళ్లీ వెంటనే వెనక్కి తీసుకోవచ్చు కదా అని గొంతు తగ్గించి అడిగారు.

“అమ్మవారి ప్రసాదం ఇచ్చి వెనక్కి తీసుకుంటారా అన్నయ్యగారూ?”

ఆయన కవర్ల దొంతర చేతిలోకి తీసుకున్నారు. ఒక్కొక్కరినీ పిలిచి ఇవ్వడం మొదలుపెట్టారు. లెక్కల టీచరు వంతు వచ్చింది. కవరు ఒక కొస ఆయన చేతిలో ఉంది, ఇంకో కొస ఈ పిల్ల పట్టుకుంది. ఇద్దరూ నవ్వుతున్నారు, ఎవరూ వదలడం లేదు. నేను అమ్మవారి పటం వైపు చూశాను, ఆ వారంలో మొదటిసారి. మళ్లీ ఇటు చూసేసరికి కవరు పిల్ల చేతిలో ఉంది. ఆయన కాళ్లకి దణ్ణం పెట్టి నోటీసు అందించింది.

పసుపు మూలలు చూసి ఆయన ముఖం విప్పారింది. “చెప్పనేలేదు. సంబంధం ఎక్కడమ్మా?”

“పెళ్లి కాదండీ. బందరులో ఎల్లుండి సర్టిఫికెట్లు చూస్తారు కదండీ, అదండీ.”

ఆయన ఆ కాగితం విప్పి చదివారు. అరవై మంది తల్లిదండ్రులు ఆయన్నే చూస్తున్నారు. చేతిలో పూజలో పెట్టి తీసిన, కుంకుమ పడిన కాగితం. దాన్ని చింపలేరు, జేబులో పెట్టుకుని ఊరుకోలేరు. హఠాత్తుగా జనం వైపు తిరిగి, మా స్కూలు లెక్కల టీచరు గవర్నమెంటు ఉద్యోగానికి ఎంపికైందని, మా ప్రమాణాలు అటువంటివని చెప్పారు. మళ్లీ చప్పట్లు. ఆ చప్పట్లలోనే నుదుటి చెమట తుడుచుకున్నారు.

అందరూ వెళ్లాక నన్ను గదిలోకి పిలిచారు.

“ఇది మీ పనేనా?”

“అవునండీ.”

“మాటిచ్చారు నాకు.”

“నేను మానలేదు కదండీ.”

టెన్త్ లెక్కలు ఎవరు చెప్తారని అడిగారు. ఆ ఉత్తరంలో రెండో పేరా చూడమన్నాను. చూశారు. కాగితాలు చేతికొచ్చాక రెండో పేరాలు ఎవరికీ గుర్తుండవు చెల్లెమ్మా అని నిట్టూర్చారు. ఆయనకి కోపం వచ్చి ఉంటే నాకు తేలికగా ఉండేది. ఆ పిల్ల రాకపోతే నష్టపోయేది టెన్త్ పిల్లలు, నమ్మించింది నేను.

మంగళవారం ప్రార్థనలో ఆయన టీచర్లని రెండుసార్లు లెక్కపెట్టారు. అందరూ ఉన్నారు. పైగా ఇద్దరు, ఇంట్లో చెదలండీ, మీ బీరువాయే నయం అని వాళ్ల కవర్లు వాళ్లే తెచ్చిచ్చారు. బుధవారం లెక్కల టీచరు బందరు వెళ్లింది. గురువారం పొద్దున్న ప్రార్థనకి రాలేదు. మొదటి పీరియడ్ గంట కొట్టారు. టెన్త్ క్లాసు గోల మా అ ఆల గది దాకా వినపడుతోంది. కరస్పాండెంట్ గారు గేటు దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. మధ్యలో ఒకసారి నా కిటికీ వైపు చూశారు. నేను పిల్లల పలకల మీదికి వంగిపోయాను. సరస్వతీదేవిని ఇంతగా పిలిచింది ఎప్పుడూ లేదు, ఏ పరీక్షా రాయనిదాన్ని కదా.

రెండో పీరియడ్ సగంలో ఆ పిల్ల వచ్చింది. వాళ్లమ్మకి చెప్పడానికని రాత్రి ఊరెళ్లిందట. పొద్దున్న మొదటి బస్సు అవనిగడ్డలో ఆగిపోయిందట. ఈ సంగతులన్నీ మాకు తర్వాత చెప్పింది. అప్పుడు మాత్రం గేటు దగ్గర ఆయనకి నమస్కారం పెట్టి, ఆగకుండా నేరుగా టెన్త్ క్లాసులోకి వెళ్లి సుద్దముక్క తీసుకుంది. సర్టిఫికెట్ల కవరు ఎడమ చంకలో ఉంది.

ఆయన వెనకే వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డారు.

“అయిందా అమ్మా?”

“అయిందండీ. పేరు ఖాయం చేశారు.”

“సంతోషం. ఆ కవరు బల్ల మీద పెట్టుకోమ్మా, చెయ్యి లాగుతుంది. నేను తీసుకోను.”

“పర్లేదండీ” అని, కవరుని చంకలో ఇంకాస్త గట్టిగా నొక్కుకుని, బోర్డు వైపు తిరిగి, మంగళవారం సగంలో ఆపిన లెక్క పూర్తి చేయడం మొదలుపెట్టింది.