అష్టమినాటి ఇడ్లీ

ఎదురు క్వార్టర్ పెద్దమ్మ పోయిందని నాకు పవర్ హౌస్ బజారులో, మందుల షాపు ముందు తెలిసింది. ఫిట్స్ మాత్రలు కొనుక్కుంటున్నాను. మా లైనులోనే ఉండే భయ్యా సైకిల్ ఆపి, "ఆంటీ గుజర్ గయీ. దిల్ కా దౌరా" అన్నాడు, గుండెపోటని. దసరాకి ఇంకా ఇరవై రోజులుంది. సెక్టర్ 6లో మా క్వార్టర్‌కి ఎలా తిరిగొచ్చానో నాకు తెలీదు.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. స్టీలు ప్లాంటులో క్రేన్ నడిపే ఆయన భార్య, విజయనగరం వైపు మనిషి. మెత్తగా మాట్లాడటం ఆమెకి చేతకాదు.

నాకు పన్నెండేళ్ళప్పుడు, దుర్గాష్టమికి ఇంటిల్లిపాదీ ఉపవాసం. మాత్ర మింగితే ఉపవాసం చెడుతుందని అమ్మ ఆ రోజు మానిపించింది. "ఒక్క రోజుకేటి అవుద్దే, అమ్మోరే సూసుకుంటాది" అంది. మధ్యాహ్నం దుర్గ పందిట్లో ఫిట్ వచ్చి పడిపోయాను. తర్వాతిదంతా విన్నదే. క్యాసెట్ పాటలు ఆపేసి, ఎవరో "మాతా ఆయీ హై", అమ్మవారు ఒంటి మీదకొచ్చింది అన్నారట. ఒకావిడ కుంకుమ పూసింది, ఇంకొకావిడ హారతి పట్టింది. మన తెలుగువాళ్ళు చేతిలో తాళాల గుత్తి పెట్టారు. మీరే చెప్పండి, నేల మీద కొట్టుకుంటున్న పిల్లకి హారతేమిటి? తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పెద్దమ్మ అందర్నీ తోసుకొచ్చి, నన్ను పక్కకి తిప్పి, తల కింద తువ్వాలు మడిచి పెట్టిందట. "అమ్మోరూ లేదు గిమ్మోరూ లేదు. గుంటకి మాత్ర ఎవులు మానిపించేరు?" అని నలుగురిలోనూ అమ్మని నిలదీసింది. "మా తమ్ముడికీ ఇలాగే తాళాలు పట్టించేరు. మాత్ర మాత్రం ఎవులూ ఇవ్వలేదు. పద్దెనిమిదేళ్ళకే పోనాడు."

మరుసటి అష్టమి పొద్దున్నే ఇడ్లీల గిన్నె పట్టుకుని మా వరండాలో కూర్చుంది. అందరూ ఉపవాసముంటే నేనొక్కదాన్నే తినడం సిగ్గని మొండికేశాను. "సర్లే, నానూ తింటాను. పాపం సెరిసగం" అని, పెళ్ళయిన నాటినుంచీ చేస్తున్న ఉపవాసం వదిలేసి ఇడ్లీ తుంచుకుంది. నేను మాత్ర మింగేదాకా కదల్లేదు. ఆ పై ఏడు ఇంకో ఇద్దరు వచ్చి తిన్నారు. తర్వాత ఐదుగురయ్యారు, అందులో ఒక ఛత్తీస్‌గఢీ దీదీ కూడా. అమ్మ మాత్రం ఎప్పుడూ తినలేదు, గుమ్మంలో నిలబడి చూసేది. పందిట్లో ఆ ఐదుగురూ వంతులేసుకుని నా పక్కన కూర్చునేవారు. ఫిట్ వస్తే ఏం చెయ్యాలో పెద్దమ్మ తిట్టి మరీ నేర్పింది. "దాని నోట్లో సెంచా పెట్టేవంటే నీ సెయ్యి ఇరిసేస్తాను" అనేది. నేను నలుగురిలో కూర్చుని పండగ చూశానంటే ఆమె పుణ్యమే.

పదకొండో రోజు భోజనాల దగ్గర ఆ ఐదుగురిలో ఒకావిడ అంది, "ఏటేటా అష్టమి సెడగొట్టుకుంది కదా. అమ్మోరు ఊరుకుంటాదేటి?" మిగతావాళ్ళు తలలూపారు. పెద్దమ్మ ఇడ్లీలు నాలుగేళ్ళు తిన్న నోరది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. డాక్టరు గుండెపోటని చెప్పినా వీళ్ళకి అమ్మవారి మీదకి తొయ్యాలి. "తిన్నది నా కోసమే కదా, మరి నన్నేం చేస్తుందట?" అని అడిగాను. 

మొన్న అష్టమికి మా వరండాలోకి ఎవరూ రాలేదు. తలుపేసుకుని లోపలే తినేద్దామనుకున్నాను. అమ్మ ఒప్పుకోలేదు. ఇడ్లీల డబ్బా సంచిలో పెట్టి, నా చెయ్యి పట్టుకుని పందిట్లోకి లాక్కెళ్ళింది. ఆ ఆడవాళ్ళ మధ్యనే చోటు చేసుకుని కూర్చుంది. మూత తీసి, ఒక ముక్క తుంచి, ముందు తన నోట్లో పెట్టుకుంది. అందరూ చూస్తుండగా నెమ్మదిగా నమిలి మింగింది.

తర్వాత ఇంకో ముక్క తుంచి నాకు అందించింది.