బుగ్గలు నావి, ఊపిరి కాకది

ఆ రోజుల్లో అలసిపోవడానికి ఓ కారణమంటూ ఉండేది. ఇప్పుడు పొద్దున దుకాణం షట్టరు ఎత్తేసరికే సగం ప్రాణం పోతోంది, ఎందుకో చెప్పమంటే చెప్పలేను. హన్మకొండలో నాదో చిన్న జిరాక్సు దుకాణం. పొద్దస్తమానం ఆధార్ కార్డులు, పాసుపుస్తకాలు, కులం సర్టిఫికెట్లు. మనుషుల బతుకులన్నీ నా చేతుల మీదుగా రెండేసి కాపీలుగా బయటికి వస్తుంటాయి. ముందు రోడ్డు మీద పెండ్లి ఊరేగింపు పోతే డీజే డబ్బాల దెబ్బకు మిషను మీది కాగితాలు గజగజ వణుకుతాయి. అప్పుడు షట్టరు సగం దించి కూర్చుంటాను. ఇరవై ఏళ్ల వయసులో నేనూ ఇలాంటి ఊరేగింపుల్లోనే నడిచి నడిచి మోకాళ్లు పాడుచేసుకున్నాను గదా అనుకుంటాను. (డాక్టరు మాత్రం నా బరువే కారణమంటాడు. ఆయనకు నా చరిత్ర తెలియదు.)

నేను బ్యాండు మేళంలో చేరడం నా గొప్పతనం వల్ల జరిగింది కాదు. మాది కొత్తవాడ, బాపు జంపఖానాలు నేసేవాడు. డిగ్రీ రెండో ఏడు తప్పి ఇంట్లో కూర్చున్న నన్ను ఆయన నాలుగు రోజులు మగ్గం మీద కూర్చోబెట్టి, అయిదో రోజు దండం పెట్టి లేపాడు. నేను తెంపిన పోగులు అతికించుకోవడానికే ఆయనకు వారం పట్టింది. "వీనికి నిలబడుడు తప్ప ఇంకేం రాదు" అని వాకిట్లో నిలబడి వాడకంతా వినబడేలా అన్నాడు. అదే వాడలో ఉండే బ్యాండు మాస్టరు ఆ మాట విని సంబరపడిపోయాడు. ఆయనకు సరిగ్గా నిలబడేవాడే కావాలట.

సంగతేమిటంటే, పెండ్లివారు పదిహేను మంది మేళం కావాలంటారు. మా మేళంలో ఊదను వచ్చినవాళ్లు తొమ్మిది మందే. మిగతా ఆరుగురికి ఎర్ర కోటు తొడిగి, చేతికేదో వాయిద్యమిచ్చి, వరసలో నిలబెడతారు. మమ్మల్ని డమ్మీలు అనేవారు. ఊదినట్టు కనబడాలి, పొరపాటున కూడా ఊదకూడదు. నేను పొడుగ్గా ఉంటాను గనక ముందు వరసలో నిలబెట్టి ట్రంబోను ఇచ్చారు. దాని మూతిలో మా బాపు నేసిన జంపఖానా ముక్కనే మాస్టరు బిగించి కుక్కాడు. ఆయన పెట్టిన నియమం ఒక్కటే: డమ్మీనని ఎవరికన్నా చెప్పిననాడు కోటు విప్పి ఇంటికి పోవాలి. ఆ కోటు నాకంటే ముందు ఓ లావుపాటి క్లారినెట్ ఆయనది. అందులో నాలాంటివాళ్లు ఇద్దరు పడతారు, అయినా అది విప్పి పోవడం నాకు ఇష్టం లేదు.

ఇక నా వెనకే నిలబడి నిజంగా ఊదే మనిషి మీటల కాక. ట్రంబోను అంటే గొట్టాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతూ వాయించేదని చాలామంది అనుకుంటారు. కాకది అది కాదు, మూడు మీటలు నొక్కి వాయించేది (నాకు ఇచ్చిందీ అలాంటిదే). అందుకే ఆ పేరు. పొట్టి మనిషి, యాభై దాటినవాడు, ముందు పండ్లు రెండు అప్పటికే కదులుతున్నాయి. మొదటిరోజు ఎదురుకోళ్లలో నా వీపు వెనక ఆయన ఊదిన ఊదుడుకు నా కాళ్లు ఆగిపోయాయి, డోలు ఆయన వచ్చి నన్ను గుద్దుకున్నాడు. అందరూ వాయించేది పెండ్లి పాటే. కాక మాత్రం తాళానికి అరడుగు వెనక, తొందరేమీ లేనట్టు నడిచి వచ్చి సరిగ్గా అందరితో పాటు గడప దాటేవాడు. పొద్దంతా కష్టపడి ఇంటికొచ్చిన మనిషి అంగీ విప్పి అరుగు మీద కూర్చుని ఓ ఊపిరి విడుస్తాడే, అట్లా ఉండేది ఆ మోత. వింటుంటే నాకు ఏడుపు వచ్చేది, సిగ్గులేకుండా చెబుతున్నాను.

ఆ మోత ఎక్కడిదని అడిగితే జాజ్ అన్నాడు. పెండ్లి కాకముందు కాక కాజీపేట రైల్వే క్లబ్బులో వేదిక మీద పరిచేందుకు జంపఖానాలు తీసుకుపోయాడట. అక్కడ ఇంజను డ్రైవరు దొర ఒకాయన ఈ మూడు మీటల ట్రంబోను వాయిస్తుంటే, పరిచిన జంపఖానా మీదే కూర్చుండిపోయాడట. ఆ దొర కూడా ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఎక్కడో అమెరికాలో ఇదే వాయిద్యం వాయించే ఒకాయన రికార్డును గీతలు అరిగిపోయేదాకా విని విని పట్టుకున్నాడు. (ఆ అమెరికా ఆయన పేరు దొర చెప్పాడట, కాక మరిచిపోయాడు.) దొర దేశం విడిచి పోతూ ట్రంబోనును కాక చేతిలో పెట్టి పోయాడు. అప్పటినుంచి ఆ జాజ్ ఊపిరంతా వరంగల్ చుట్టుపక్కల పెండ్లిళ్లలో ఖర్చయిపోతోంది. ఇది జాజ్ అని ఒక్కడు గుర్తుపట్టింది లేదు.

కాకకు బాధ అది కాదు. "దొరను విన్నోడు ఒక్కడు దొరకాలెరా" అనేవాడు. "నా ఊదుడు దొర ఊదుడు లెక్కనే ఉన్నదా, లేదా? పండ్లు ఊడకముందు గా ఒక్క ముక్క నాకు తెల్వాలె." ఆయన కోరిక అదొక్కటే. పండ్లు ఊడితే ఇక ఊదలేడు, ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

అట్లాంటి రోజుల్లో నెక్కొండలో ఓ పెండ్లికి పోయాం. లగ్గం అయింది, భోజనాలు నడుస్తున్నాయి, పందిట్లో మమ్మల్ని మెల్లగా ఏదైనా వాయించమన్నారు. ఎండ దంచుతోంది, మేము పొద్దుటినుంచి నిలబడే ఉన్నాం, మిగతావాళ్లంతా నీరసపడి ఒకరి తరవాత ఒకరు ఆపేశారు. కాక ఒక్కడే ఊదుతున్నాడు. ఆయన అంత అలసిపోయి ఊదడం నేనెప్పుడూ వినలేదు, అంత బాగా ఊదడం కూడా వినలేదు. ముందర నేను బుగ్గలు పొంగించి, కళ్లు మూసి, మీటలు నొక్కుతూ నా ఉద్యోగం చేశాను. ఇక్కడో చిన్న రహస్యం చెప్పాలి. నిజంగా ఊదను వచ్చినవాడి బుగ్గలు పొంగవు. పొంగేవి నాబోటివాళ్లవే, కానీ పందిట్లో జనం చూసేది పొంగిన బుగ్గలనే.

పాట అయిపోగానే కాక చిగుళ్లు నెత్తురొస్తున్నాయని నోరు కడుక్కోవడానికి బోరింగు దగ్గరికి పోయాడు. అంతలో పంక్తిలోంచి ఓ ముసలాయన చేయి కడుక్కోకుండానే లేచి నా ముందుకొచ్చి నిలబడ్డాడు. కళ్లనిండా నీళ్లు. ఎడమ చేత్తో నా కోటు పట్టుకున్నాడు.

"బిడ్డా, గీ ఊపిరి నాకెరుకే. దొర ఇంజన్ల బొగ్గేసినోణ్ని నేను. శనివారం శనివారం క్లబ్బు గోడకు చెవి పెట్టి ఇన్నోణ్ని. అచ్చం దొరనే. గింత సుత ఫరక్ లేదు. ఎవలు నేర్పిండ్రు బిడ్డా నీకు?"

నేను అప్పుడు చెప్పాల్సిన మాట రెండక్షరాలు. కాక. అంతే. నోటిదాకా వచ్చింది కూడా. కానీ అవతల మాస్టరు నన్నే చూస్తున్నాడు, కోటు విప్పాల్సి వస్తుంది. అది సాకు. నిజం ఏమిటంటే, నిలబడుడు తప్ప ఇంకేం రాదనిపించుకున్నవాణ్ని పట్టుకుని ఓ పెద్దమనిషి అంతమందిలో ఏడుస్తుంటే నాకు చాలా బాగుంది. "గిట్లనే... ఇని నేర్చుకున్న తాతా" అన్నాను. అబద్ధం కాదు గదా అని నాలో నేనే సర్దిచెప్పుకున్నాను. ఆయన పెండ్లివారు పెట్టిన కొత్త తువ్వాలను నా మెడలో వేసి, నెత్తిమీద చెయ్యి పెట్టి, కాజీపేట పాసింజరు వేళయిందని కర్ర పట్టుకుని వెళ్లిపోయాడు.

కాక మూతి తుడుచుకుంటూ వచ్చి తువ్వాల ఎక్కడిదన్నాడు. ఓ అయిదు నిమిషాలు ఏవేవో నమిలాను. తరవాత చెప్పేశాను. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "అచ్చం దొరనే అన్నడా?" అని అడిగాడు. నేను తలూపాను. "నీతోని అన్నడా?" అన్నాడు. ఆ రెండో మాట ఇప్పటికీ నాకు మింగుడు పడదు.

ఇద్దరం స్టేషనుకు ఉరికాం. ఎర్ర కోట్లలో, చెరో ట్రంబోను పట్టుకుని, మిట్టమధ్యాహ్నం నెక్కొండ బజారులో ఉరికాం. పెండ్లిలో ఏదో లొల్లయిందని జనం దారి ఇచ్చారు. మేము ప్లాటుఫారం మీద కాలు పెట్టేసరికి బండి కూత వేసింది. ముసలాయన కిటికీ పక్కనే కూర్చున్నాడు గానీ, మాకూ ఆయనకూ మధ్య నాలుగు డబ్బాల దూరముంది. కాకకు ఇంక ఉరికే దమ్ము లేదు. ఉన్న దమ్మంతా కూడదీసుకుని ట్రంబోను ఎత్తి ఊదాడు. ఇందాకటి పాటే.

కిటికీలోంచి తల బయటికి వచ్చింది. ముసలాయన విన్నాడు. బండి కదిలి మాకు ఎదురుగా వస్తోంది. కళ్లు చికిలించి ఎవరు ఊదుతున్నారా అని చూశాడు, చూసి, మొహం వెలిగిపోయి, రెండు చేతులూ బయటికి పెట్టి దండం పెట్టాడు. ఆ దండం నాకు. ఎందుకంటే కాక ఊదడం మొదలుపెట్టగానే, ఆరు నెలల అలవాటు కొద్దీ, నా ట్రంబోను తనంతట తానే నా మూతికి వచ్చింది. నా బుగ్గలు రెండూ కుండల్లాగా పొంగి ఉన్నాయి. నా వేళ్లు మీటల మీద ఆడుతున్నాయి. కాక ఎప్పటిలాగే నా వెనక ఉన్నాడు. సంగతి తెలిసి నేను మూతి తీసి, వెనక్కి చెయ్యి చూపెడుతూ "తాతా, నేను కాదు" అని అరిచేసరికి బండి మలుపు తిరిగింది.

ఇద్దరం బెంచీ మీద కూలబడ్డాం. నేను ఏడుస్తుంటే కాక తువ్వాల చెంగుతోనే నా మొహం తుడిచాడు.

"ఫికర్ జెయ్యకురా. నేనడగాలనుకున్నది ఆయన చెప్పే పోయిండు గదా. ఎవని బుగ్గలకు చెప్పిండన్నది ఇడిసిపెట్టు."

తరవాత ఆ పాటే ఇంకోసారి ఊదాడు. ఈసారి నా ట్రంబోనును నేల మీద పెట్టి, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ప్లాటుఫారం మీద ఓ చాయ్ ఆయన, నేను, పడుకున్న కుక్క. కాక బుగ్గలు పొంగకుండా, అరడుగు వెనక, పాటలోనే మెల్లగా ఇల్లు చేరాడు.

మరుసటి వారం ఆయనే నా ట్రంబోను మూతిలోంచి జంపఖానా ముక్క పీకేసి నేర్చుకోమన్నాడు. తన తరవాత ఎవరన్నా ఉండాలి గదా అన్నాడు. మూడు నెలలు నేర్పాడు. పాపం ఎంత ఓపికో. వాడలో గేదెలు నాకు బదులు పలికేవి. ఓ రోజు కాక నా చేతిలోంచి ట్రంబోను తీసుకుని, ఆ ముక్కనే వెతికి తెచ్చి, ఆయన చేత్తో ఆయనే మళ్లీ బిగించి కుక్కాడు. "నువ్వు బట్టతోనే బాగుంటవు బిడ్డా" అన్నాడు. ఆ ఎండాకాలమే ఆయన ముందు పండ్లు ఊడిపోయాయి. కట్టుడు పండ్లతో ఊదబోతే పాట కంటే ముందు పండ్లే బయటికి వచ్చేవి, నవ్వేవాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. బతికున్నప్పుడు ఆ తువ్వాల ఆయనకిద్దామని ఎన్నిసార్లు పోయానో, తీసుకోలేదు.

మొన్న దుకాణంలో గిరాకీ లేక మా బిడ్డ ఫోను చూస్తూ కూర్చుంది. మూడు మీటల ట్రంబోను, జాజ్ అని కొట్టి చూడు బిడ్డా అన్నాను. ఎవరో ఎప్పటిదో పాత రికార్డు వచ్చింది. పేరు చదివి వినిపించింది, నాకూ నోరు తిరగలేదు. కాక మరిచిపోయిన ఆయన ఈయనేనో కాదో నాకేం తెలుసు. కానీ నాలుగు ఊపిర్లు వినగానే తెలిసిపోయింది, అదే అరడుగు వెనక, అదే అలసట. అక్కడెక్కడో ఊదిన గాలి దొరకు వచ్చింది, దొర నుంచి కాకకు వచ్చింది, కాక నుంచి నా దాకా వచ్చి ఆగిపోయింది. మోకాళ్ల నొప్పి మరిచిపోయి కళ్లు మూసుకుని వింటున్నాను. పాట అయిపోయినా తెలియలేదు.

"బాపూ" అంది మా బిడ్డ, నా చెంప మీద చెయ్యి పెట్టి. "గట్ల ఉబ్బిందేంది? పన్ను నొస్తాందా?"